స్ప్రింగు మార్చిన ప్రతిసారీ

తోమోఎ ఓడిపోవడం నిప్పొన్‌బాషి గేమ్ సెంటర్లో ఎవరికీ వింత కాదు. ఓడిపోయి నవ్వకపోవడమే వింత. ఆ ఆదివారం మధ్యాహ్నం రైజో ఆడిస్తున్న మల్లుడి బొమ్మ గాల్లోకి ఎగిరి మీదికొస్తుంటే, కింద నుంచి పైకి గుద్దే దెబ్బ కొడదామని స్టిక్‌ను ముందుకు, కిందికి, మళ్లీ ఏటవాలుగా ముందుకు తిప్పింది. చిన్నప్పటి నుంచీ కళ్లు మూసుకుని కొట్టే దెబ్బే అది. కానీ తెరమీద ఆమె బొమ్మ ఊరికే ఒకడుగు ముందుకేసి, తన్ను తిని వెల్లకిలా పడింది.

"ఏంటే తోమో, నా తన్నుకి ఎదురెళ్లి దండం పెడుతున్నావా?" అని రైజో పక్క కుర్చీలోంచి ఎకసెక్కమాడాడు.

"స్టిక్ పోయినట్టుంది అన్నా," అంది తోమోఎ. అంటూనే ఎడమ చేతిని ఒళ్లోకి లాక్కుంది.

ఎవరి ఆట మీటల పెట్టె వాళ్లు తెచ్చుకుని ఆడుకునే చోటు అది. తోమోఎ పెట్టెను ఆమె అన్న కత్సుయా చేశాడు. చెక్క కోసి, నున్నగా చిత్రిక పట్టి, కుడివైపు బటన్లు, ఎడమవైపు స్టిక్ బిగించి ఇచ్చాడు. రైజో అతని స్నేహితుడు. కత్సుయా పోయాక కూడా ఆదివారాలు రైజో ఆమెతో ఆడడం మానలేదు.

కత్సుయాకి జబ్బు మొదలైంది బొటనవేలితోనే. ఒకరోజు గోళ్ల కత్తెర నొక్కలేకపోయాడు. తర్వాత చెయ్యి, తర్వాత రెండో చెయ్యి, కాళ్లు, మాట, చివరికి ఊపిరి. కండల్ని ఆడించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయనీ, మందు లేదనీ డాక్టర్లు చెప్పారు. కొన్ని కుటుంబాల్లో ఇది రక్తంలోనే వస్తుందని వాళ్లలో ఒకాయన అన్నమాట తోమోఎ చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

మర్నాడే ఆమె స్టిక్కులు బాగుచేసే షిబాహారా ముసలాయన కొట్టుకి వెళ్లింది. ఇనుప మెట్లెక్కి పైకెళ్తే ఇరుకు గది, గోడల నిండా స్టిక్కులు, స్ప్రింగులు, స్టిక్ కొసకి బిగించే రంగురంగుల గుండ్లు. ఆ వీధిలో పోట్లాట ఆటలాడేవాళ్లూ, విమానాల్ని కాల్చే ఆటలాడేవాళ్లూ అందరూ ఆయన దగ్గరికే వస్తారు.

"ఏమైందమ్మాయ్? దెబ్బ పడట్లేదా?"

"బిగుసుకుపోయినట్టుంది తాతా. మెత్తటి స్ప్రింగు వెయ్యి."

"పోట్లాటకి మెత్తటిదా? వదిలేస్తే మధ్యకి తిరిగి రావడానికి బద్ధకిస్తుంది. విమానాల ఆటకైతే బావుంటుంది, సందుల్లోంచి సన్నగా జారాలి కాబట్టి. నీకెందుకు?"

"వెయ్యి తాతా. చూద్దాం."

వేశాడు. నాలుగు రోజులు హాయిగా ఉంది. ఆ హాయిలో తోమోఎకి ప్రాణం లేచొచ్చింది. అంతా స్ప్రింగు పనే, తనకేమీ లేదు అనుకుంది. ఐదో రోజు మళ్లీ దెబ్బ తప్పింది. మళ్లీ కొట్టుకి పరిగెత్తింది. ఈసారి అడుగున స్టిక్ తిరిగే చట్రం మార్పించింది, నాలుగు మూలలది తీసి ఎనిమిది మూలలది. మూలలు చేతికి తగులుతుంటే దారి తెలుస్తుందని ఆశ. ఆ తర్వాత పెద్ద గుండు. అది వేళ్లలో జారిపోతోందని గుండు తీసేసి, గుప్పిట్లో పట్టే వంకాయలాంటి పిడి. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్ల ధైర్యం, ఆ తర్వాత అంతకు రెట్టింపు భయం.

పనిచేసేది బట్టలు సరిచేసే కొట్లో. కుట్టుమిషను మీద కుడిచేత్తో గుడ్డ తోస్తుంటే ఎడమచేతిలోంచి అంచు జారిపోయేది. పక్కనామె చూడకుండా మోచేత్తో నొక్కిపట్టేది. స్నానం చేసేటప్పుడు రెండు చేతులూ పక్కపక్కన పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండని నొక్కి చూసుకునేది. కుడిచేతిలో ఉబ్బుగా ఉండేది. ఎడమచేతిలో చిన్న గుంట. కత్సుయాకీ ముందు అక్కడే గుంట పడింది. అది చూసినప్పుడల్లా తొట్టి అంచు మీద కూర్చుండిపోయేది. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆ పేరు పైకి చెప్తారు. చెప్పేదాకా అది లేనట్టే కదా.

వర్షం పడుతున్న ఓ సాయంత్రం, ఇంకా మెత్తటి స్ప్రింగు అడిగేసరికి షిబాహారా చేతిలో పని పక్కన పెట్టాడు.

"అమ్మాయ్, నీ పాత సామానంతా దాచి ఉంచా. తీసినవన్నీ ఒక్కొక్కటే పెట్టి ఆడి చూశా. ఒక్కటీ పాడవలేదు."

"అయితే?"

"ఒకసారి చెయ్యి చూపించుకోరాదూ?"

"నువ్వు స్టిక్కులు అమ్ముకో తాతా. వైద్యం ఎప్పటినుంచి మొదలెట్టావ్?" అని కసిరి, స్ప్రింగు లాక్కుని మెట్లు దిగిపోయింది. వీధి మలుపు దాకా వచ్చాక గొడుగు కొట్లోనే మర్చిపోయానని తెలిసింది. వెనక్కి వెళ్లే ధైర్యం లేక తడుస్తూ ఇంటికి పోయింది.

ఆ స్ప్రింగు తనే వేసుకుందామని సెలవురోజు పొద్దున్న పెట్టె విప్పి కూర్చుంది. స్టిక్ కాడ చివర చిన్న ఇనుప క్లిప్పు ఉంటుంది, స్ప్రింగు ఎగిరిపోకుండా పట్టుకునేది అదే. దాన్ని బొటనవేలితో గట్టిగా తోస్తే గాడిలో టక్కున కూర్చుంటుంది. తోమోఎ దాన్ని ఎప్పుడూ కుడిచేత్తో కాడ పట్టుకుని, ఎడమ బొటనవేలితో తోసేది. ఈసారి తోసింది. వేలు మడతపడిపోయింది. మళ్లీ తోసింది. వేలు వణికింది గానీ క్లిప్పు కదల్లేదు. పళ్లు బిగించి తోస్తే చివరికి క్లిప్పు ఎగిరి ఎక్కడో పడింది.

ఆటకి పిలవడానికి వచ్చిన రైజో తలుపు తీసేసరికి ఆమె చాపమీద బోర్లా పడి అరచేతుల్తో తడుముతోంది.

"ఏం పారేసుకున్నావే? నీ గెలుపా?"

ఆమె తలెత్తింది. ముఖం చూసి రైజో నవ్వు ఆగిపోయింది.

"అన్నా, నేను నొక్కలేకపోతున్నా," అంది. "కత్సుయా అన్నకి వచ్చిందే నాకూ వచ్చింది."

రైజో చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కత్సుయా చివరి రోజుల్లో రాత్రీ పగలూ పక్కనున్నవాడతను. ఏదో ఒక హాస్యం ఆడబోయి మానుకున్నాడు. ఆమె చెయ్యి తీసుకుని ఆ గుంట మీద వేలు పెట్టాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"చలి తగ్గక ముందు, చెర్రీలు పూయక ముందు నుంచి."

"ఇన్నాళ్లూ ఆ ముసలాయన స్ప్రింగుల్ని తిట్టిపోశావు కదే," అన్నాడు. "లే. ఆస్పత్రికి పోదాం."

"వద్దన్నా. పేరు చెప్పేస్తారు."

"చెప్తే ఇద్దరం విందాం. ఒక్కదానివీ వినక్కర్లేదు. లే."

ఆస్పత్రిలో కండల్లోకి సూదులు గుచ్చారు. మోచేతి దగ్గర కరెంటు పెట్టి వేళ్లు ఎగరేశారు. యంత్రం బరబరమని మోగినప్పుడల్లా, ఇదే చప్పుడు కత్సుయా మంచం పక్కన కూడా విన్నానని తోమోఎకి గుర్తొచ్చింది. పరీక్ష అయ్యాక నడవాలో కూర్చున్నారు. రైజో డబ్బులేస్తే సీసాలిచ్చే మిషన్లోంచి బార్లీ టీ సీసా తెచ్చాడు. మూత ఎవరు తియ్యాలో తెలియనట్టు ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు.

లోపలికి పిలిచారు. డాక్టరమ్మ ఆమె కంటే చిన్నది, జుట్టు కురచగా ఉంది. తోమోఎ తన అన్న సంగతంతా చెప్పింది. ఆవిడ మధ్యలో అడ్డురాకుండా విని, ఓ పిన్ను తీసుకుని చిటికెన వేలి మీద మెల్లగా గుచ్చింది.

"తెలుస్తోందా?"

"మొద్దుగా ఉంది. అది చాన్నాళ్ల నుంచీ తిమ్మిరిగానే ఉంటుంది. ఉంగరం వేలు కూడా సగం."

"ఈ మాట ముందు చెప్పలేదే?"

"బొటనవేలి గురించే భయపడ్డానండి. చిటికెన వేలు లెక్కలోది కాదనుకున్నా."

"మీ అన్నయ్యగారికి తిమ్మిరి ఉండేదా?"

తోమోఎ రైజో వైపు చూసింది. రైజో ఆలోచించి మెల్లగా అన్నాడు. "లేదండి. చెయ్యి కదలకపోయినా, దుప్పటి గరుకుగా ఉంది మార్చమనేవాడు. చివరిదాకా అన్నీ తెలిసేవి."

"అదే. మీ అన్నయ్యగారి జబ్బులో కండ పోతుంది గానీ స్పర్శ పోదు. ఈవిడకి స్పర్శ కూడా పోయింది. మోచేతి దగ్గర నరం నలిగిపోతోంది, పరీక్షలో అక్కడే తేలింది. బొటనవేలు నొక్కే కండకీ ఆ నరమే. చెయ్యి మడిచి, మోచెయ్యి గట్టి అంచుకి ఆనించి చాలాసేపు చేసే పనేమన్నా ఉందా?"

ఆటబల్ల అంచుకి మోచెయ్యి ఆనించి గంటలకొద్దీ స్టిక్ తిప్పే తోమోఎ కళ్లముందు మెదిలి రైజో పకపకా నవ్వేశాడు. నవ్వుతూనే ఏడ్చేశాడు. డాక్టరమ్మ కంగారుపడింది.

తోమోఎ మాత్రం నవ్వలేదు. "అయితే నాకు ఎప్పటికీ రాదా?" అంది.

"ఇప్పుడున్నది అది కాదు. ఎప్పటికీ రాదని ఎవరికీ మాటివ్వలేను. ఆలస్యం చేశారు కాబట్టి పోయిన సత్తువ మొత్తం తిరిగి రాకపోవచ్చు. ఇంకా ఆలస్యం చేస్తే అసలే రాదు."

మోచేతికి ఆపరేషన్ చేశారు. వానాకాలమంతా చేతికి కట్టుతో గడిచింది. చిటికెన వేలికి స్పర్శ తిరిగొచ్చింది. బొటనవేలికి సగం సత్తువే వచ్చింది, అది కూడా నత్తనడకన. రాత్రుళ్లు ఇంకా ఉలిక్కిపడి లేస్తుంది గానీ, మునుపటిలా పొద్దున్నదాకా కూర్చుని ఉండదు.

చలి మొదలయ్యాక ఓరోజు ఆమె షిబాహారా కొట్టు మెట్లెక్కింది. గుమ్మంలోనే వంగి క్షమించమంది. ముసలాయన వినిపించుకోనట్టు ముక్కు చీదాడు.

"ఏం కావాలి?"

"పోట్లాటలు చేతగావు తాతా ఇక. విమానాల ఆట నేర్చుకుందామనుంది. దానికి ఏం వెయ్యాలో నువ్వే చెప్పు."

ఆయన నాలుగైదు స్ప్రింగులు బల్లమీద పోశాడు. ఒక్కొక్కటే వేళ్ల మధ్య నొక్కి చూడమన్నాడు. తోమోఎ తొందరపడకుండా, కళ్లు మూసుకుని, ఎడమ బొటనవేలితోనే అన్నీ నొక్కి చూసింది.