చెంచా

"మేమింకా తినందే నోట్లో పెట్టుకోవడమేంటే?"

కాపురానికి వచ్చిన కొత్తలో ఉప్పు చూద్దామని గరిటె అంచు నాలుకకి ఆనించినప్పుడు అత్తగారన్న మాట అది. ఆ తర్వాత కోడలు ఎప్పుడూ రుచి చూడలేదు. ఆవిరి వాసన పట్టి ఉప్పు చెప్పేది, రంగు చూసి కారం చెప్పేది. "నా కోడలికి ముక్కులోనే నాలుక ఉంది" అని అత్తగారు నలుగురిలో మురిసిపోతుంటే తనూ మురిసింది. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది చల్లారిపోయాక తినేది.

పనిచేసే హోటల్లో ఆమెని తరుగుడక్క అంటారు. చేరిన నాటి నుంచీ కూరగాయలు తరగడమే పని. తన వెనక చేరిన మగపిల్లలు ఒక్కొక్కరే పొయ్యి దగ్గరకి వెళ్ళిపోయారు. అడగ్గా అడగ్గా పెద్ద చెఫ్ సరేనన్నాడు. పొయ్యి దగ్గరకి వెళ్ళాలంటే ముందు పనివాళ్ళందరికీ ఒక పూట వండి పెట్టాలి. అక్కడి పద్ధతి అది.

"ఇంట్లో పొయ్యి చాల్లేదా నీకు?" అన్నాడు భర్త, అలా వండాల్సిన రోజు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

హోటల్లో ఆమె సూపు కాచింది. కూరగాయలు ఉడికించిన నీళ్ళు పెద్ద గిన్నెలో సిద్ధంగా ఉంటే అవే పోసింది. వాటిలో ముందే ఉప్పు వేసి ఉంచుతారని తరుగుడు బల్ల దగ్గర ఉండేవాళ్ళకి ఎవరు చెబుతారు? ఆవిరి వాసన చూసి, ఇంట్లో వేసినట్టే వేసింది.

పెద్ద చెఫ్ ఒక గుటక మింగి గిన్నె పక్కన పెట్టేశాడు.

"సముద్రానికి పోయి ముంచుకొచ్చావా అక్కా?" అన్నాడు రొట్టెలు కాల్చేవాడు. అందరూ నవ్వారు.

పెద్ద చెఫ్ నవ్వలేదు. "రుచి చూళ్ళేదా?"

"లేదండీ."

"ఎందుకని?"

ఏమని చెబుతుంది? ఇక్కడి పొయ్యి ముందు నిలబడ్డా అత్తగారు వెనకే ఉన్నట్టుంటుందని చెబుతుందా? తన వంట ఎలా ఉంటుందో ఊళ్ళో అందరికీ తెలుసు, తనకే తెలీదని చెబుతుందా?

"వచ్చే నెల ఇంకోసారి చూద్దాం. అదీ పోతే తరుగుడే నీకు. రుచి చూడ్డానికి జేబులో చెంచా లేనివాళ్ళకి నేను పొయ్యి ఇవ్వను."

ఇంటికి రాగానే భర్తకి తెలిసిపోయింది, మొహం చూసే. "పోయిందిగా? మంచిదేలే. పద, ఆకలేస్తోంది."

కూర ఉడికింది. ఆమె దారిలో కొన్న చెంచా జేబులోంచి తీసి, కూరలో ముంచి, ఊది, నోట్లో పెట్టుకుంది. గుమ్మంలో అత్తగారు ఆగిపోయింది.

"అదేంటే, మేమింకా..."

"ఉప్పు చాల్లేదు అత్తయ్యా."

చిటికెడు వేసి కలిపి మళ్ళీ చూసింది. ఇప్పుడు సరిపోయింది. భర్త ఖాళీ కంచం ముందు కూర్చుని చూస్తున్నాడు.

ఆమె ఇంకో చెంచా తీసుకుంది. అది రుచి కోసం కాదు, ఆకలేసి.