ఏరు దాటినవారి తొలి విస్తరి

శ్రావణ బహుళపక్షమున ఏడు దినములు ఎడతెగక కురిసిన వర్షధారలచే జేగురువన్నె దాల్చిన గౌతమీనది కూకటివేళ్లతో పెకలిన తరువులను గడ్డివాములను పసులపాకల పైకప్పులను మోసికొని సాగరాభిముఖియై ఉరవడించుచుండగా ఆ మహాప్రవాహమధ్యమున మెరకనున్న నలువది గడపలు మాత్రము తడియక మిగిలిన పుల్లేటిలంకకు మధ్యాహ్నమైనను సూర్యదర్శనము లేకుండెను. రేవు మునిగెను. పడవలు కట్టు రాటలు మునిగెను. ఆవలియొడ్డు ఉన్నదో లేదో చెప్పగలవారు లేకుండిరి.

ఆ సమయమున లంకలోని పెద్దయరుగు ఇంట ఎనుబదియెనిమిదేండ్ల అచ్చియమ్మ చూపు తరిగిన కన్నులు మూసికొని రేవుదిక్కునకు చెవియొగ్గి నులకమంచముపై పండుకొనియుండెను. ఆమె అన్నము ముట్టి మూడు దినములయ్యెను. వ్యాధి యేమియు లేదు. పట్టిన నియమమట్టిది.

అరువదియైదేండ్ల క్రిందట ఇట్టి వరదయందే నెలల బిడ్డను రొమ్మున గట్టుకొని గడ్డివామిపై కొట్టుకొనిపోయిన ఆ యిల్లాలిని ఆవలియొడ్డున పేరైనను తెలియని సాలెయువతి యొకతె చేయందిచ్చి లాగి తనకై కాచుకొన్న గంజి యంతయు ఆమెకు పోసి తాను పస్తుండెను. నాటినుండి ఏరు దాటి వచ్చినవారొకరు తన యింట తొలివిస్తరియందు భుజించినగాని తాను కడి ముట్టనని అచ్చియమ్మ భద్రాద్రిరాముని పటమునెదుట నియమము పట్టెను. యాత్రికులు గాజులమ్మువారు గంగిరెద్దులవారు ఎందరెందరో ఆ పంచలో ముద్దపప్పును కందబచ్చలికూరను ఆరగించి దీవించి పోయిరి. కులమడిగిన దినము లేదు. ఒకప్పుడు కొబ్బరికాయలు దొంగిలింప వచ్చి పట్టుబడినవానిని సైతము ఏరు దాటి వచ్చితివా యని యడిగి ఔనన్నంతనే విస్తరి వేయించి వాడు చేయి కడిగిన పిమ్మటనే మునసబున కప్పగించినదని లంకవారు నేటికిని చెప్పుకొందురు. వరదనాళ్లయందు ఒకపూట రెండుపూటలు పస్తుండుట పూర్వమును కలదు గాని ఆనాడు దేహమున సత్తువయు కలదు.

కోడలు సీతారత్నమునకు గుండె గుండెలో లేదు. నాడు రొమ్మున గట్టబడిన ఆ బిడ్డయే ఆమె మగడు భీమన్న. మేనల్లుని పెండ్లిమాటలకై ఆవలియొడ్డునకు పోయి చిక్కుకొనెను. ఆయన వచ్చునంతవరకు అత్తప్రాణము నిలుచునో నిలువదో, నిలువకున్న ఆయనకేమని చెప్పవలెనో యని ఆమె క్షణక్షణము మంచముకడకు వచ్చి ఊపిరి చూచి పోవుచుండెను. వేళకు వండుచుండెను. విస్తరి వేయుచుండెను. గుమ్మమున నిలిచి పిలిచి మరల వచ్చుచుండెను.

“ఎవరైనా వచ్చేరా, రత్నం?”

“రేవే కనపట్టం లేదండి అత్తయ్యా. రెండు ముద్దలు తినండి. రాముడేం అనుకోడు.”

“రాముడనుకోడు. నేననుకుంటాను.”

తుదకు సీతారత్నము పొరుగింటి పోలయ్యను బతిమాలెను. అతడు తలకు తడిగుడ్డ చుట్టి గుమ్మమున నిలిచి గొంతు మార్చి పలికెను.

“అమ్మా, పిఠాపురంనించి వస్తన్నానండి. ఆకలేస్తందండి.”

“పడవలో వచ్చేవా నాయనా?”

“ఆయ్, పడవేనండి.”

“నడిపిందెవరు?”

పోలయ్య దానికి సిద్ధపడి రాలేదు. దగ్గెను.

“ఒరే పోలయ్యా, నిన్న మా పెరట్లో ఆనపకాయ కోసుకెళ్లినోడివి ఇవాళ పిఠాపురమోడివెలా అయిపోయేవురా?”

“ఆనపకాయ సంగతి మీకెవరు చెప్పేరండి?”

“అప్పుడూ ఇలాగే దగ్గేవు.”

పోలయ్య తలగుడ్డ విప్పి పిండుకొనుచు పోయెను. నవ్వవలసినచోట సీతారత్నమునకు నవ్వు రాలేదు.

ఆమె తులసితీర్థమును ఉద్ధరిణితో అత్తనోటి కందింపబోగా చేయి వణకి నీరు ముసలిచెక్కిలిపై ఒలికెను. అచ్చియమ్మ ఆ మణికట్టు పట్టుకొనెను. పట్టినది విడువలేదు.

“చెయ్యిలా వణుకుతోందేం? ఇవాళేం తిన్నావు?”

కోడలు రెండవచేతి కొంగుతో అత్తచెక్కిలిపై ఒలికిన నీటిని అద్దెను.

“నిన్న?”

“మీరు తినకుండా నేనెప్పుడు తిన్నానండి?”

ఆ మాటయందు నిష్ఠురము లేదు. బావిలో నీరున్నదని చెప్పినట్లు చెప్పెను. అతిథి, పిమ్మట మగవారు, పిమ్మట అత్త, కడపట వండినది. ఆ యింట వరుస అదియే. ఊరుపేరు తెలియని సాలెయువతి ఒకపూట పస్తును అరువదియైదేండ్లు మరువని ఆ పుణ్యాత్మురాలు తన పొయ్యిముందరి పస్తు నెన్నడును అడిగి యెరుగదు. అచ్చియమ్మ పట్టిన మణికట్టును దగ్గరకు తీసికొనెను.

“నువ్వీ యింటికెలా వచ్చేవే?”

సీతారత్నమునకు భయము వేసెను. అవసానకాలపు తడబాటని తలచెను.

“పెళ్లిపడవలో వచ్చేనుగా అత్తయ్యా.”

“ఏరు దాటే వచ్చేవుగా?”

“ఆయ్.”

“నలభైరెండేళ్లయింది. తొలివిస్తరి నీకెవరం వెయ్యలేదు. లేవదియ్యి నన్ను.”

గోడపట్టుకొని పంచకు వచ్చిన అచ్చియమ్మ తడవి తడవి విస్తరి జాడ కనుగొని తన చేతితో అన్నము వడ్డించెను. సగము నేలబడెను. వేలవేల విస్తళ్లు వేసిన సీతారత్నము దాని ఆవలిప్రక్క ఎట్లు కూర్చుండవలెనో తెలియక నిలిచిపోయెను.

“గుమ్మంకేసి తిరిగి కూచో. వచ్చినోళ్లు అలాగే కూచుంటారు.”

కూర్చుండెను. తొలిముద్ద కలిపి నోట బెట్టుకొనెను.

“ఉప్పు సరిపోయిందా?”

“ఎక్కువైందండి.”

“అవదా మరి. మూడ్రోజులనించి రుచి చూసినోళ్లు లేరు కదా. నాకూ వడ్డించు.”

ఆ దినమున గోదావరి వేలెడైనను తగ్గలేదు. అటుపిమ్మట ఐదవనాడు తొలిపడవలో దిగిన భీమన్న రేవుననున్నవారి నెవరిని ఏమియు నడుగుటకు ధైర్యము చాలక తలవంచుకొని వచ్చి, లోపలినుండి తల్లిగొంతు విని పంచస్తంభమును పట్టుకొని నిలిచెను.

అచ్చియమ్మ ఆపై రెండేండ్లు జీవించి మాఘమాసమున రామసాన్నిధ్యము చేరెను. ఆ యింటి గుమ్మమున నేటికిని మధ్యాహ్నవేళ రేవుదిక్కునకు పిలుపు వినబడును. పంచలో మాత్రము విస్తళ్లు రెండు ప్రక్కప్రక్కన వేయబడును. ఒకటి ఏనాటికానాడు ఏరు దాటి వచ్చినవారికి. రెండవది ఎన్నడో దాటి వచ్చి పొయ్యిముందు నిలిచిపోయినవారికి.