తేలేదాకా మూసిన కిటికీ

అంతా బావగారు చేసిందే. ఎవరు ఎన్ని చెప్పినా ఆమె ఆ మాట మీదే ఉంటుంది. ఇంటాయనకు అన్నగారు, బీమా ఆఫీసులో సూపర్‌వైజరు. ఈ భూమ్మీద ఎవరు ఏ వస్తువు కొనాలన్నా ముందు తనను అడగాలని గట్టిగా నమ్మిన మనిషి. చుట్టాలందరూ చాటుగా 'సలహాల బావగారు' అంటారు. ఆ ఆదివారం ఆయన టీ తాగి, కప్పు నేల మీద పెట్టి, దాన్ని కాలి బొటనవేలితో కాస్త పక్కకు నెట్టి, "ఒరే, హై డెఫినిషన్ బొమ్మ చూడాలంటే గది చీకటిగా ఉండాలిరా. మీ కొంపలో దానికి పనికొచ్చేది ఆ గది ఒక్కటే" అన్నాడు. ఆ గది అంటే ఆమె గది. ఆ సమయానికి ఆమె ఆ కప్పు తీయడానికే వంగి ఉంది. వంగిన తల మీదుగా పోయిన మాట కాబట్టి, అది తనను అడిగినట్టో చెప్పినట్టో కూడా ఆమెకు అర్థం కాలేదు. కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, కడిగి, బోర్లించి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ టేపు పట్టుకుని గోడలు కొలుస్తున్నారు. ఆ టేపు కూడా ఆమెదే.

పదికి ఎనిమిది గది అది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో విరిగిన కుర్చీలూ, పాత పేపర్లూ పడేసే కొట్టు. "ఊరికే కూర్చునే బదులు ఆ మూల కుట్టు మిషను వేసుకో అమ్మాయ్" అంది అత్తగారు అప్పట్లో. ఊరికే కూర్చోవడం అంటే ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఆమె ఒక్కనాడూ ఎరగదు గానీ, ఆ మాట పట్టుకుని ఎలుకల్ని తోలింది, సామాను సర్దింది, గోడలకు సున్నం తనే వేసుకుంది. గదికి ఉత్తరం వైపు కిటికీ. ఎండ లోపలికి రాదు. వెలుగు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క తీరుగా నిలబడి ఉంటుంది, పిలవగానే పలికే మనిషిలాగ. ఆ వెలుగు విలువ సూదిలో దారం ఎక్కించేవాళ్ళకే తెలుస్తుంది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, స్కూలు గౌన్లు, ఆఫీసు యూనిఫారాలు. ఆ వీధిలో ఎవరి నడుము ఎంతో, ఏ ఏడు ఎవరి పొట్ట ఎంత పెరిగిందో ఆమెకు తెలుసు. ఎవరితోనూ అనదు. అందుకే అందరూ ఆమె దగ్గరికే వస్తారు.

ఇంటాయన ఆ గది గురించి ఆమెతో మాట్లాడకుండా ఏమీ లేడు, మాట్లాడాడు. "మిషనుకి ఎంత చోటు కావాలి చెప్పు, ఇంతే కదా" అని రెండు చేతులూ చాపి చూపించాడు. "నడవలో పెట్టుకో. కుట్టడం ఎక్కడైనా కుట్టుకోవచ్చు. సినిమా ఎక్కడ పడితే అక్కడ చూడలేం కదా." ఎంత పద్ధతిగా చెప్పాడంటే, ఇందులో తప్పేముందని ఆమే తనలో తాను వెతుక్కుంది. పైగా, "కిటికీకి నల్ల గుడ్డ రెండు పొరలుగా కుట్టు. బయట కుట్టిస్తే బోలెడు అడుగుతారు. నీ చేతిలో పనే కదా" అన్నాడు. ఆమె కుట్టింది. ఆ గదిలో ఆ కిటికీ వెలుగులో ఆమె కుట్టిన చివరి గుడ్డ, ఆ కిటికీని మూసే కర్టెనే. అంచు వంకర పోకుండా జాగ్రత్తగా కుట్టింది కూడాను. పని అన్నాక వంకరగా చేయడం ఆమెకు చేత కాదు.

వాయిదాల మీద పెద్ద టీవీ వచ్చింది. వెనక్కి వాలే కుర్చీలు రెండు వచ్చాయి, అన్నకొకటి, తమ్ముడికొకటి. ఇక రావలసింది సినిమా ఆడించే మిషను. అది మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదంటే, బజారులోకి రెండు రకాల డిస్కులు దిగాయి. నీలం పెట్టెలో వచ్చేది బ్లూ-రే, ఎర్ర పెట్టెలో వచ్చేది హెచ్‌డీ డీవీడీ. దీని మిషనులో అది ఆడదు, దానిలో ఇది ఆడదు. రెండింట్లో ఏదో ఒకటే బతుకుతుందని, రెండోది కొన్నవాడు మట్టి కొట్టుకుపోతాడని బావగారు చెప్పాడు. ఆ మాట ఇంటాయనకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వీడియో క్యాసెట్ల కాలంలో మామగారు ఇట్లాగే, చిన్న క్యాసెట్‌లో బొమ్మ తేటగా ఉంటుందని ఎవరో చెబితే నమ్మి ఆ మిషను కొన్నాడట. లోకమంతా పెద్ద క్యాసెట్ కొనుక్కుంది. మామగారి మిషనుకు అద్దెకు క్యాసెట్ దొరకడం కూడా మానేసింది. మామగారు పోయాడు, మిషను ఉండిపోయింది. నాన్న గుర్తు కాబట్టి పారేయకూడదు, దుమ్ము పట్టకూడదు. బీరువా మీద లేసు గుడ్డ కప్పుకుని కూర్చున్న ఆ శవాన్ని పెళ్ళయిన నాటినుంచి ఆమే తుడుస్తోంది. "నాన్నలా నేను తొందరపడను" అంటాడు ఇంటాయన. "ఏది గెలుస్తుందో తేలాక చూద్దాం."

తేలేదాకా పాత డీవీడీలు వేసుకుని చూడొచ్చు కదా అంటే, "ఇంత టీవీలో పాత డిస్కు వేస్తే దానికి అవమానం" అన్నాడు. దాంతో అంత టీవీకీ ఒక దుప్పటి కప్పారు. ఇప్పుడు ఆమె తుడవాల్సినవి రెండయ్యాయి, ఒకటి చచ్చినది, ఒకటి ఇంకా పుట్టనిది.

ఆదివారం ఆదివారం బావగారు వచ్చేవాడు. అన్నదమ్ములిద్దరూ ఆ చీకటి గదిలో కుర్చీలు వెనక్కి వాల్చి, కప్పేసిన టీవీ ఎదురుగా కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు.

"ఎర్రది చవకరా. జనం చవక వైపే పోతారు."

"నీలం వైపు సినిమా కంపెనీలు ఎక్కువ ఉన్నాయట అన్నయ్యా."

"ఇవాళ ఉంటారు, రేపు ఇటు దూకుతారు. వాళ్ళదేం పోయింది?"

"అందుకే ఆగుదాం అంటున్నా."

"నువ్వు పుట్టడానికి కూడా పది రోజులు ఆగావురా. అమ్మ చెప్పేది."

నవ్వులు. ఆ నవ్వుల మధ్య ఆమె చీకట్లో టీ కప్పులు తడుముకుంటూ అందించేది. ఒకసారి కాలికి కుర్చీ తగిలి టీ ఒలికితే, "చూసుకోవద్దా" అన్నాడు ఇంటాయన. చూడ్డానికి ఏం మిగిల్చారని అందామనుకుంది. మరోసారి ఉండబట్టలేక, "రెండూ ఆడించే మిషను ఎవరూ చేయరా?" అని అడిగింది. బావగారు కుర్చీ లేపకుండానే నవ్వాడు. "అదేమన్నా ప్యాంటా అమ్మాయ్, రెండు కాళ్ళు పెట్టి కుట్టడానికి? నువ్వు ఆ బిస్కెట్లేవో చూడు" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆయనే ఒక పత్రిక పట్టుకొచ్చాడు. "ఒరే, రెండూ ఆడించేది కూడా వచ్చిందట, ఖరీదు మాత్రం మండిపోతోంది" అన్నాడు. "అబ్బ, ఏ బుర్రకు తట్టిందో గానీ" అని మెచ్చుకున్నాడు ఇంటాయన. ఆమె బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఇద్దరిలో ఎవరూ తల తిప్పలేదు. చీకటి కదా, తిప్పినా కనపడేది కాదు.

నడవలో ఆమె మిషను బాత్రూము తలుపుకు ఆనుకుని ఉండేది. ఎవరు లోపలికి పోవాలన్నా ఆమె లేచి స్టూలు జరపాలి, బయటికి వచ్చేటప్పుడు మళ్ళీ జరపాలి. పైన ఒక పసుపు బల్బు. పెద్దది వేయమంటే, కరెంటు ఆఫీసులో బిల్లుల గుమాస్తా అయిన ఇంటాయన, "ఊరికే వస్తుందనుకున్నావా కరెంటు? ఎంత కాలుతుందో నన్నడుగు" అన్నాడు. సాయంత్రమయ్యేసరికి కళ్ళు ఇసుక పోసినట్టుండేవి. అలిసిపోయానని చెప్పుకోవడానికి కూడా ఓపిక ఉండేది కాదు. అయినా ఎవరితో చెప్పుకుంటుంది? చెబితే, "కూర్చుని చేసే పనికి అలుపేమిటి" అంటారు. అత్తగారు పోయినా ఆవిడ మాటలు ఇంట్లోనే ఉన్నాయి, ఒకరి నోట కాకపోతే ఒకరి నోట వస్తుంటాయి.

ఆ బల్బు కిందే ఆ తప్పు జరిగింది. ఆసుపత్రి నర్సు ముదురు నీలం యూనిఫారం ప్యాంట్లు అంచు మడవమని ఇచ్చింది. ఎన్నో ఏళ్ళ ఖాతా ఆ నర్సుది. మర్నాడు మధ్యాహ్నం డ్యూటీకి వెళ్తూ వచ్చి ప్యాంట్లు మిషను మీద పెట్టింది. ఒక అంచు తిప్పి చూపించింది. ఆమె దాన్ని వీధి గుమ్మం దాకా తీసుకెళ్ళి వెలుగులో పెట్టి చూసింది. ముదురు నీలం గుడ్డ మీద నల్ల దారం. నాలుగు ప్యాంట్లూ అంతే. ఆ బల్బు కింద నీలమూ నలుపూ ఒక్కలాగే కనపడ్డాయి.

"ఎవరూ చూడరులే అక్కా, కాళ్ళ దగ్గర ఎవరు చూస్తారు" అంది నర్సు. "కాకపోతే నీ చేతి పని ఇట్లా ఉండదు కదా అని. కళ్ళు చూపించుకున్నావా?"

"కళ్ళు బాగానే ఉన్నాయి" అంది ఆమె. "రేపు రా. విప్పి కుట్టి పెడతాను."

నర్సు వెళ్ళాక ఆమె గుమ్మంలోనే కూర్చుని ఒక్కో కుట్టూ విప్పింది. ఎవరో తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఇంట్లో తన మాటకు విలువ లేకపోవడం ఆమెకు అలవాటైపోయింది, కాలి కింద రాయిలా. బయట తన కుట్టుకు ఉన్న విలువ మీదే ఇన్నాళ్ళూ నడుం నిలబెట్టుకుని తిరిగింది. అదీ పోతే ఇక తనదనేది ఏముంది? ఇంకా రాని ఒక మిషను కోసం, ఇంకా వేయని ఒక సినిమా కోసం అది పోవాలా? అంత కోపంలోనూ పోగు లేవకుండా, గుడ్డ చిరగకుండా విప్పింది.

ఆ సాయంత్రం ఇంటాయన పేపరు ఊపుకుంటూ వచ్చాడు. ఇన్నేళ్ళలో అంత సంతోషంగా ఆయన ఇంటికి రావడం ఆమె చూడలేదు.

"తేలిపోయిందోయ్. ఎర్రవాళ్ళు చేతులెత్తేశారు. ఇక ఆ మిషన్లు చేయం అని చెప్పేశారట. చూశావా, ఆగడం అంటే ఇదీ. అన్నయ్య ఓపిక పట్టలేక పోయిన నెల్లో ఎర్రదే కొనేశాడట, నాక్కూడా చెప్పకుండా. సలహాలు నాకు, మిషను తనకు."

ఆమెకు గుండె ఒక్కసారి తేలికపడింది. "అయితే నీలంది కొంటారా?" అంది. కొంటే ఆ గది సినిమా గదిగానైనా ఉంటుంది, ఎందుకు పోయిందో తెలుస్తుంది అనుకుంది.

ఇంటాయన కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పాడు. "ఇప్పుడా? పిచ్చా? పోటీ పోయిందిగా, గెలిచినవాడు ఇక ధర తగ్గిస్తాడా? అదీ గాక, అసలు ఈ డిస్కులే ఉండవట, ముందు ముందు సినిమాలన్నీ నెట్‌లోనే వస్తాయట. తేలాక చూద్దాం."

ఆమె ఆ చెప్పులు తీసి గుమ్మం పక్కన పెట్టింది.

మర్నాడు ఇంటాయన ఆఫీసుకు వెళ్ళాక, అంట్లు తోమి, బట్టలు ఆరేసి, ఆమె ఆ గదిలోకి వెళ్ళింది. స్టూలెక్కి కర్టెన్ దించింది. వెలుగు వచ్చి గోడల మీద నిలబడింది, మొన్ననే వెళ్ళి వచ్చినట్టు. దుమ్ము ఊడ్చింది. కుర్చీలు రెండూ ఈడ్చి నడవలో వేసింది. టీవీ దగ్గరికి వచ్చేసరికి ఒక్కతి వల్ల కాలేదు. దాని పక్కనే నేల మీద కూర్చుంది. ఇది తప్పా, ఇంటాయన ఏమంటాడు, బావగారు ఏమంటాడు అని ఒక్కొక్కరి మాటా చెవిలో వినపడింది. అన్నీ పాత మాటలే. కొత్తగా అనడానికి వాళ్ళ దగ్గర కూడా ఏమీ లేదని అప్పుడు తోచింది.

నర్సు ప్యాంట్ల కోసం వచ్చింది. గదీ, కిటికీ, నేల మీద మనిషీ చూసి చేతిసంచి కింద పెట్టింది.

"అటు పట్టుకో అక్కా."

"బరువు, నీకెందుకు."

"రోజూ మనుషుల్నే ఎత్తుతాం. వాళ్ళు కాళ్ళు చేతులు కూడా ఆడిస్తారు. ఇదెంత, నోరు మూసుకుని వస్తుంది."

ఇద్దరూ నవ్వుతూ టీవీని నడవలోకి మోశారు. కుట్టు మిషనును జరిపి, బాత్రూము తలుపు పక్కన, పసుపు బల్బు కింద పెట్టారు. బీరువా మీది మామగారి మిషనును కూడా తెచ్చి దాని మీద పెట్టి, ఇద్దరికీ కలిపి లేసు గుడ్డ కప్పింది ఆమె. ఆ తర్వాత తన మిషనును కిటికీ కిందకు జరుపుకుని, ప్యాంట్లు పరిచి, నీలం దారాల్లోంచి సరైన నీలం ఎంచుకుంది. నర్సు పక్కనే నిలబడి ఆ కుట్టు పడడం చూసింది.

ఇంటాయన వచ్చేసరికి ఆమె అక్కడే ఉంది. నడవలో కుర్చీ మోకాలికి తగిలించుకుని గుమ్మం దాకా వచ్చాడాయన.

"ఏమిటిది?"

"నా గది."

"అది కాదు, అక్కడ టీవీ ఎట్లా చూస్తాం? కర్టెన్ ఏదీ?"

"విప్పేశాను. మంచి గుడ్డ, హోటలువాళ్ళు ఏప్రన్లు అడుగుతున్నారు."

"నన్నొక మాట అడగొద్దా? ఇంకా ఏదీ తేలకుండానే..."

"తేలిపోయిందండీ" అంది ఆమె. పెడలు మీది కాలు ఆపలేదు. "టీ ఫ్లాస్కులో ఉంది. కప్పు కడిగి పెట్టండి."

ఆయన కొలవడానికన్నట్టు గదిని ఒక గోడ నుంచి ఇంకో గోడకు చూశాడు. టేపు ఆమె మెడలో ఉంది. తర్వాత నడవలోకి వెళ్ళి, ఆ కుర్చీలో ఇరుక్కుని కూర్చుని అన్నగారికి ఫోను చేశాడు. అటువైపు బావగారు తన ఎర్ర మిషను గురించి ఏడుస్తున్నట్టున్నాడు, ఇంటాయన చాలాసేపు ఊఁ కొట్టాడు. కుట్టు మిషను చప్పుడు మధ్యలోంచి చివరికి ఆయన మాట వినపడింది.

"నీకేం అన్నయ్యా, ఒక పెట్టె పోయింది. నాకెంత పోయిందో తెలుసా? పదికి ఎనిమిది. కిటికీతో సహా."