వెన్నులో అతికించిన ఉత్తరం

కాలేజీ లైబ్రరీ నుంచి బాగుచేయించడానికి పన్నెండు పుస్తకాల మూట వచ్చింది. బైండరు ముడి విప్పి ఒక్కొక్కటే బల్లమీద పేరుస్తూ ఏడో పుస్తకం దగ్గర ఆగిపోయాడు. నీలం గుడ్డ అట్ట, వెన్ను విరిగి వేలాడుతోంది. పదకొండేళ్ల కిందట ఆ పుస్తకాన్ని కుట్టింది తనే. దాని వెన్నులో ఏముందో తెలిసింది కూడా తనొక్కడికే.

అందులో ఉన్నది కూతురికొచ్చిన ఉత్తరం.

ఆ పిల్లకి చిన్నప్పుడే వీధివాళ్లు ‘ఎందుకమ్మ’ అని పేరు పెట్టేశారు. నోరు తెరిస్తే చాలు, ఎందుకు అనేదే. తల్లి లేని పిల్ల, ఈ షాపులోనే కాగితపు ముక్కల మధ్య పెరిగింది. బైండర్లు కాగితం పారేయరు, ఏదో ఒక పుస్తకం వెన్నుకి అతికించడానికి పనికొస్తుందని దాస్తారు. అందుకే పాత పుస్తకం ఊడదీస్తే లోపల ఎవరిదో పరీక్ష పేపరు, ఎప్పటిదో రైలు టైముల పట్టిక బయటపడుతుంది. తండ్రి వాటిని చింపకుండా తడిపి ఒలిచి ఇస్తే, కూతురు కూడబలుక్కుని చదివేది. ‘‘ఈ రైలు ఇప్పుడు లేదంటున్నావు, ఎందుకు నాన్నా?’’ అనేది. ‘‘నాకేం తెలుసే తల్లీ’’ అని ఆయన నవ్వేవాడు.

అలాంటి పిల్ల స్కూలు చదువు అవగానే తత్వశాస్త్రం చదువుతానంటే వింతేముంది? కానీ బైండరు భయపడ్డాడు. ఏ చదువుకి ఏ బతుకో షాపు గుమ్మంలోంచి చూస్తూ వచ్చిన మనిషి ఆయన. ఇంజినీరింగు పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు కుట్టించుకుని పోయి, నాలుగేళ్లకల్లా కారు దిగి సర్టిఫికెట్లు లామినేషన్ చేయించుకునేవారు. తత్వశాస్త్రం వాళ్లలో ఆయనకి తెలిసింది ఒక్కడే. ఆ కుర్రాడు పీహెచ్‌డీకి రాసిన పుస్తకం బైండింగుకి ఇచ్చి, ఆ కాస్త డబ్బూ మూడు విడతలుగా కడుతున్నాడు. తెగిన చెప్పుకి పిన్నీసు. ‘‘ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తుంది బాబూ?’’ అని అడిగితే, ‘‘మీకు తెలిస్తే నాకూ చెప్పండి’’ అన్నాడు.

‘‘ఫీజు కట్టలేను తల్లీ’’ అని చెప్పేశాడు కూతురికి. అదీ నిజమే. ఆ పిల్ల ఏడవలేదు, గోల చేయలేదు. కాలేజీవాళ్లు వ్యాసం రాయించుకుని ఒక్కరికి మాత్రం ఫీజు మొత్తం మాఫీ చేస్తారని కనుక్కుని, ఇదే బల్లమీద కూర్చుని పద్నాలుగు పేజీలు రాసి పంపింది.

జవాబు షాపు చిరునామాకే వచ్చింది. అప్పుడామె షాపులో లేదు. బైండరు విప్పి చదివాడు. ఫీజు మొత్తం మాఫీ, పదిహేను రోజుల్లో వచ్చి చేరాలి, కింద సంతకం, గుండ్రటి ముద్ర. ఖర్చనే అడ్డు తొలగిపోయింది. మరి చదివాక? చెప్పుకి పిన్నీసు పెట్టుకుని తిరిగే కూతురు కళ్లముందు కదిలింది. చింపేద్దామనుకున్నాడు. పాడు చేతులు, ముద్ర ఉన్న కాగితాన్ని చింపడానికి రానే లేదు. ఎదురుగా చెక్క ప్రెస్సులో, ఇంకా అట్ట వేయని ఆ కుర్రాడి పుస్తకం బిగించి ఉంది. ఉత్తరాన్ని నిలువుగా మూడు మడతలు పెట్టి, మైదా జిగురు రాసి, దాని వెన్నుకి అతికించి పైన నీలం అట్ట వేసేశాడు. కన్నతండ్రి చేసే పనేనా అది? చేశాడు. బిడ్డ బాగు కోరే చేశాడు, బాధంతా అక్కడే.

ఆ పిల్ల రోజూ పోస్టుమాన్ కోసం గుమ్మంలో నిలబడింది. కాలేజీలో చేరికల గడువు దాటిన మర్నాడు ‘‘కామర్సులో చేరతాను నాన్నా’’ అంది. ఆ తర్వాత ఆమె ఎవరినీ, దేన్నీ ఎందుకని అడగలేదు. వీధివాళ్లు కూడా ఆ పేరు మర్చిపోయారు.

ఆయన లెక్క తప్పిందనడానికీ లేదు. బీమా ఆఫీసులో ఉద్యోగం, ఒకటో తారీఖున జీతం. రేకుల కప్పు తీయించి స్లాబు వేయించింది. తండ్రి కళ్లకి ఆపరేషన్ చేయించింది. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక ఆదివారాలు షాపులో కూర్చుని కుట్టుపనీ తనే చేస్తోంది.

ఇవాళ ఆదివారం.

‘‘ఆ నీలంది నేను చేస్తాలే’’ అన్నాడు బైండరు, పుస్తకాన్ని ఒళ్లోకి లాక్కుంటూ.

‘‘ఈ చేతులతోనా? పొద్దున కాఫీ సగం చొక్కాకే తాగించావు.’’

‘‘అయితే వదిలెయ్యి. అది బాగుపడే రకం కాదు, తిప్పి పంపేద్దాం.’’

‘‘లైబ్రరీ వాళ్ల చీటీ చూడలేదా నువ్వు? ఇది రాసినాయన ఇప్పుడు అక్కడే పాఠాలు చెప్తున్నారట. పిల్లలు అడుగుతున్నారు, ముందు ఇదే కావాలని రాశారు.’’ ఆమె పుస్తకం తీసుకుని వెనక అతికించిన తారీఖుల కాగితం చూసింది. అడుగుదాకా ముద్రలే. ‘‘ఎంతమంది చదివారో చూడు. విరగదా మరి.’’

చెప్పేయాలి, ఇప్పుడే చెప్పేయాలి అనుకుంటూనే ఉన్నాడు బైండరు. ఆమె స్పాంజి తడిపి వెన్నుమీద అద్దింది. తండ్రి నేర్పినట్టే, జిగురు నానేదాకా ఓపిగ్గా ఆగింది. ఆ ఓపిక నేర్పినందుకు తనని తానే తిట్టుకున్నాడాయన. కత్తి మొన కింద కాగితం మెల్లగా లేచింది.

‘‘ఏదో ముద్ర ఉంది నాన్నా’’ అంది, చిన్నప్పటి గొంతుతో. మడతలు విప్పింది. పైన రాసిన పేరు చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది.

బైండరు నేలమీది ముక్కల్నే చూస్తూ కూర్చున్నాడు. అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు.

‘‘నువ్వేనా?’’

‘‘నేనే తల్లీ. ఆ చదువుతో ఎలా బతుకుతావోనని భయపడ్డాను. నేను పోతే నీకెవరున్నారు? ఫీజు చూశాను, ఉద్యోగం చూశాను, అన్నీ లెక్కేసుకునే...’’

‘‘అది కాదు నాన్నా.’’ ఆమె ఉత్తరాన్ని బల్లమీద పెట్టింది. ‘‘నేను రాసింది బాగోలేదనుకున్నాను. నాకు అంత తెలివి లేదని వాళ్లు తేల్చేశారనుకున్నాను. పదకొండేళ్లూ అలాగే అనుకున్నాను. ఆఫీసులో నలుగురూ మాట్లాడుకుంటుంటే, నాకేం తెలుసులే అని నోరు మూసుకుని కూర్చుంటాను. నువ్వు నా మొహం మీదే వద్దనుంటే ఏమయ్యేది? నీమీద అలిగేదాన్ని. అంతేగా.’’

ఆ ఒక్కటీ బైండరు ఏ లెక్కలోనూ వేసుకోలేదు. రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. కూతురు దగ్గరికి రాలేదు, లేచి వెళ్లిపోనూ లేదు. ఉత్తరాన్ని రెండు అద్దుడు కాగితాల మధ్య పరిచి, ఆరడానికి పైన బరువు పెట్టింది. వెన్నుకి కొత్త కాగితం కత్తిరించి, జిగురు రాసి, గుడ్డ లాగి బిగించింది. పుస్తకాన్ని ప్రెస్సులో పెట్టి మర తిప్పాక అడిగింది.

‘‘చింపేస్తే పోయేదిగా. ఇందులో ఎందుకు పెట్టావు?’’

ఇన్నేళ్లకి ఆమె నోట ఆ మాట.

‘‘నాకేం తెలుసే తల్లీ’’ అన్నాడు బైండరు. ఈసారి నవ్వలేదు.

ఆమె ఇంకా ఏమైనా చెప్తాడేమోనని కాసేపు చూసింది. తర్వాత ఎనిమిదో పుస్తకం తీసుకుంది.