వేరు కుంపటి

"వెనక గదిలో పెడుతున్నా తల్లీ. దీని మీద నాలుగు బంగాళాదుంపలు పడేసి ఉడకనీ. మున్సిపాలిటీ అమ్మాయి చూసి పోయేదాకానే. ఎప్పట్నుంచని అడిగితే రెండేళ్లుగా వేరే వండుకుంటున్నాం అను. అంతే."

పక్కింటివాళ్ల పాత గ్యాస్ పొయ్యిని ఆయాసపడుతూ మోసుకొచ్చింది అత్తగారు ఎడెల్మిరా. గుమ్మడికాయ తరుగుతున్న నోల్వియా చెయ్యి ఆగింది. ఆవిడ దొంగప్రేమ నటించడం లేదు. మనవరాలు చదవాలని ఆవిడకీ ప్రాణమే.

మనవరాలు అనాయిస్‌కి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో నర్సింగు సీటు వచ్చింది. ఇంటిల్లిపాదీ కేకు కోసుకుని తిన్నారు. అంతలోనే ఫీజు మాఫీ లేదని కబురు. ఉచితంగా చదువు చెప్పేది పేదింటి పిల్లలకట, వీళ్లది పేదిల్లు కాదట. షేర్ టాక్సీ నడిపే నోల్వియా మొగుడు నిబాల్దో సంపాదన చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. ఆ మాట అనిపించింది మరిది ఎర్విన్ జీతం. ఉత్తరాన రాగి గనిలో వారం పని, వారం ఇంటి దగ్గర సెలవు అతనికి.

"మా మరిది జీతానికీ నా కూతురి చదువుకీ ఏం సంబంధం బాబూ?" అని నోల్వియా మున్సిపాలిటీ కిటికీ దగ్గర మొత్తుకుంది.

"మేం చుట్టరికం అడగట్లేదమ్మా, పొయ్యి అడుగుతున్నాం. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్లంతా ఒకే కుటుంబం," అన్నాడు గుమాస్తా. "మీ ఇంట్లో వండేదెవరు?"

"నేనే."

"ఎవరెవరికి?"

"అందరికీ."

అయితే ఇంకేం, అన్నట్టు చూశాడు. "వేరు పొయ్యి ఉంటే చెప్పండి, మా మనిషి ఇంటికొచ్చి చూస్తుంది."

ఇంటికొచ్చే బస్సులో ఆ మాటే బుర్ర తొలిచేసింది. మరిది జీతంలో తను కళ్లజూసిందేముంది? అతను ఖర్చులకని తల్లి చేతిలో పెడతాడు, తల్లి బజారు చేస్తుంది, తను వండుతుంది. కసువేలా పులుసు వండిన రోజున పెద్ద మాంసం ముక్క ఎర్విన్‌ది, లేత మొక్కజొన్న పొత్తు నిబాల్దోది, అడుగున మిగిలిన గుమ్మడికాయ తనది. పెళ్లయిన కొత్తలో, మా గదిలో ఓ చిన్న పొయ్యి పెట్టుకుంటానత్తయ్యా అని నోరు తెరిచి అడిగింది కూడా. 'నేను బతికుండగానే నా ఇంట్లో వేరు కుంపటా?' అని ఆవిడ రోజంతా ముద్ద ముట్టలేదు. మొగుడేమో, 'అమ్మని కష్టపెట్టకే ముసలీ. ఎలాగూ వండేదానివి నువ్వేగా, ఇక్కడైతేనేం, అక్కడైతేనేం?' అన్నాడు. ముసలీ అని ముద్దుగానే పిలిచేవాడు, అప్పటికి ఆమెకి ఇరవై నిండలేదు. ఇన్నాళ్లూ జీతంబత్తెం లేకుండా చేసిన చాకిరీ ఇప్పుడు కూతురి చదువుకే అడ్డం పడిందని తెలిశాక నోల్వియాకి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

అప్పుడు అడిగినా దొరకని పొయ్యి ఇప్పుడు అడక్కుండానే ఇంట్లోకి వచ్చింది, ఒక్క పూట నాటకానికి. నోల్వియా తరిగిన గుమ్మడికాయ ఎత్తుకుని వెనక గదికి వెళ్లింది. చిన్న గిన్నెలో మూడు మాంసం ముక్కలు, మూడు బంగాళాదుంపలు వేసి పొయ్యి వెలిగించింది.

మున్సిపాలిటీ అమ్మాయి వచ్చి గిన్నె మూత తీసి చూసింది. "ఎన్నాళ్లుగా వేరే వండుకుంటున్నారండీ?"

గుమ్మంలోంచి ఎడెల్మిరా రెండు వేళ్లు చూపించింది. నిబాల్దో తన బూట్ల వంక చూసుకున్నాడు. అనాయిస్ గోరు కొరుకుతోంది. ఈ పిల్ల చదువు అబద్ధంతో మొదలవడం నోల్వియాకి ఇష్టం లేదు. అంతకన్నా, ఆ అబద్ధం నిజమైతే బాగుండునని మనసు కొట్టుకుంటోంది.

"ఈ పూట నుంచి," అంది.

"మా కోడలు హాస్యాలాడుతుందండీ," అని నవ్వబోయింది ఎడెల్మిరా.

ఆ అమ్మాయి నవ్వలేదు. "ఇలాంటి పొయ్యిలు చాలా చూశానండీ. నేనిలా గడప దాటగానే అవి పక్కింటికి వెళ్లిపోతాయి."

"ఇదీ వెళ్తుంది. నేను వేరేది కొనుక్కుంటా. ఇక మీదట ఈ గదిలో నాకూ నా కూతురికీ మా ఆయనకీ, ముగ్గురికే వండుతా. నిన్నటిదాకా అందరికీ వండాను, అదీ రాసుకోండి."

ఎడెల్మిరాకి నాటకం మాటే గుర్తు లేకుండా పోయింది. "అదేంటే! రేప్పొద్దున ఎర్విన్ గని నుంచి వస్తాడు, వాడికెవరే వండేది? నాకెవరే పెట్టేది? ఎవరినడిగి విడదీశావే ఈ ఇంటిని? ఒరే నిబాల్దో, నువ్వయినా చెప్పరా దానికి!"

నిబాల్దో ముందుకొచ్చాడు. ఉడుకుతున్న గిన్నె మీద మూత సర్ది పెట్టాడు.

మున్సిపాలిటీ అమ్మాయి పెద్దావిడ వంక చూసింది, తర్వాత నోల్వియా వంక చూసింది.

"ఇప్పుడు నమ్ముతున్నానండీ," అని, రెండు కుటుంబాలు అని రాసుకుంది.