భగవాన్‌రాజు గారి హెలికాప్టరు

నేను ఒక హెలికాప్టరును. ఈ మాట వినగానే మీరు తలెత్తి ఆకాశం వంక చూడనక్కరలేదు. నా పొడవు మీ చేతి పొడవుకంటే కాస్త ఎక్కువ, అంతే. నాలో ఎవరూ కూర్చోరు. ముందు అద్దం వెనుక కనిపించే తల ప్లాస్టిక్ బొమ్మది. నేనెరిగిన తలలన్నింటిలో అహంకారం లేనిది అదొక్కటే. నన్ను నడిపే మనిషి నేల మీద నిలబడి, మెడలో వేలాడే రిమోటు పెట్టె మీది రెండు మీటలను బొటనవేళ్ళతో కదుపుతాడు. ఒక మీట నన్ను లేపుతుంది, తోకను తిప్పుతుంది. రెండోది నన్ను ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకూ వంచుతుంది.

నన్ను బొమ్మ అనుకునేవారికి ఒక మాట చెప్పడం నా బాధ్యత. నా రెక్కలు కార్బన్ పోగులతో చేసినవి. పూర్తి వేగంలో అవి కంటికి కనిపించవు. కనిపించనివాటిని నమ్మడం మనిషికి అలవాటే గనుక, ఈ ఒక్క విషయంలోనైనా ఆ అలవాటు అతనికి మేలు చేయాలి. కానీ చేయదు. అవి అరటిబోదెను తెగ్గోయగలవు. వేలి కోసం ప్రత్యేకంగా శ్రమపడనక్కరలేదు.

చైనాలో ఒక షెడ్డులో, మూతికి గుడ్డ కట్టుకున్న ఒక అమ్మాయి నా మరలు బిగించింది. ఆమె ఎన్నో హెలికాప్టర్లు బిగించింది, ఒక్కటీ ఎగరవేయలేదు. ఎగరవేయాలని ఉందా అని ఆమెను అడిగినవారు లేరు. అక్కడినుంచి ఓడలూ లారీలూ మారి తాడేపల్లిగూడెంలో ఎరువుల దుకాణం నడిపే గాదిరాజు భగవాన్‌రాజు గారి ఇంటికి చేరాను.

ఆ ఊళ్ళో యుద్ధకాలంనాటి పాత రన్‌వే ఒకటి ఉంది. ఆదివారం పొద్దుటి పూట అక్కడ నలుగురైదుగురు పెద్దమనుషులు రిమోటు విమానాలు ఎగరవేసేవారు. వారిలో పెద్దవారు, పళ్ళ డాక్టరు ఉమాపతి గారు. ఒకరోజు నడకకు వెళ్ళిన భగవాన్‌రాజు గారు, డాక్టరు గారి హెలికాప్టరు గాలిలో మేకు కొట్టినట్టు నిలబడటం చూశారు. చుట్టూ ఉన్నవారు దానివంక కాక డాక్టరు గారి వంక చూడటం ఇంకా శ్రద్ధగా చూశారు. నన్ను తెప్పించుకున్నది ఆ చూపుల కోసమే.

“చూడండి రాజుగారూ,” అన్నారు డాక్టరు గారు నన్ను తిప్పి చూసి. “ముందు దీన్ని అటక మీద పెట్టేయండి. కంప్యూటర్లో సిమ్యులేటరని ఉంటుంది, ఉత్తుత్తి హెలికాప్టరు. అక్కడ ఎన్నిసార్లు పడేసుకున్నా ఏమీ విరగదు. చెయ్యి కుదిరాక, దీని కాళ్ళకి అడ్డంగా కర్రలు కట్టి, తోక మీ వైపుంచి ఒక్కచోట నిలబెట్టండి. ముక్కు మీ వైపుకి తిప్పడం మాత్రం ఆఖరున. అప్పుడు మీ ఎడమ దానికి కుడి అయిపోద్ది. పెద్దపెద్దోళ్ళే అక్కడ బోల్తా పడతారు. అన్నిటికన్నా ముందు, ఎగరేసే ప్రతిసారీ మీట కదిపి, రెక్కల కిందున్న ఈ పళ్ళెం సరైన వైపుకే వంగుతోందా లేదా చూసుకోవాలి.”

“ఆయ్, అలాగేనండి డాక్టరు గారూ,” అన్నారు భగవాన్‌రాజు గారు. ఆ మాటల్లో ఒక్కటీ ఆయన చెవిలోంచి లోపలికి పోలేదు.

మరుసటి ఆదివారం నాకు పూజ జరిగింది. కొత్త ట్రాక్టరుకు చేసినట్టే చేశారు. ముక్కుకు పసుపు, కుంకుమ. తోకకు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ. హారతి పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడ్డది ఆయన భార్య హైమావతి గారు. ఆమె నా తోకను కాసేపు చూసి మెల్లగా అంది:

“ఏవండీ, ఆ దారం తోక రెక్కకి చుట్టుకుంటుందేమో.”

“శుభమా అని బయల్దేరుతుంటే ఆ నోరేంటే? లోపలికి పో.”

రన్‌వే మీద నేను మనిషి ఎత్తు లేచాను. దారం తోక రెక్కకు చుట్టుకుంది. మిరపకాయలు నాలుగు దిక్కులకూ ఎగిరాయి. ఒకటి వెళ్ళి డాక్టరు గారి కళ్ళద్దాలకు తగిలింది. నేను గిరగిరా తిరిగి సిమెంటు మీద పడ్డాను. పెద్దమనుషులు పొట్టలు పట్టుకుని నవ్వారు. భగవాన్‌రాజు గారు ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే తీర్పు చెప్పారు: “నువ్వా మాట అనకపోతే పడేది కాదు.”

కార్యానికీ కారణానికీ మధ్య మనుషులు ఎన్నెన్నో నిలబెడతారు: గ్రహాలు, తుమ్ములు, పిల్లులు. ఈయన భార్యను నిలబెట్టుకున్నారు. అది ఆయనకు కొత్త కాదని ఆ ఇంట్లో గోడ అలమరలో ఉంటూ తెలుసుకున్నాను. పెళ్ళయిన కొత్తలో ఆయన ఆమెకు స్కూటరు నేర్పబోయారట. ఆమె మలుపులో ఒకసారి పడిందట. “మా ఆవిడకి కుడీ ఎడమా తెలీదండీ” అన్న మాట ఆనాటినుంచి ఆ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ కాఫీతోపాటు అందేది. కాఫీ అందించేది ఆమే. స్కూటరు తాళం మళ్ళీ ఆమె చేతికి రాలేదు.

ఆయన నన్ను పడేస్తూ, రెక్కలు మారుస్తూ, మళ్ళీ పడేస్తూ ఉన్నారు. నన్ను తోకవైపు నుంచి కాసేపు నిలబెట్టడం ఎలాగో పట్టుబడింది. ముక్కు తనవైపు తిరిగిందా, ఇక నేల మీదే. ఈలోగా, ఎరువుల లెక్కల కోసం ఇంట్లో పెట్టిన కంప్యూటరు ముందు, ఆయన దుకాణానికి వెళ్ళాక హైమావతి గారు కూర్చోసాగింది. నాతోపాటే వచ్చినా ఆయన పెట్టెలోంచి తీయనైనా తీయని సిమ్యులేటరు డిస్కును ఆమె తీసి, రిమోటును కంప్యూటరుకు తగిలించుకుంది. మొదట ఒక్క మీటే కదిపేది. అది చేతికి లొంగాక రెండోది. తెర మీది హెలికాప్టరు పడినప్పుడల్లా “ఎందుకు పడింది?” అని పైకే తనను తాను ప్రశ్నించుకునేది. జవాబుగా ఆమె ఒక్కసారి కూడా ఎవరి పేరూ చెప్పలేదు. తప్పు దొరికేదాకా వెతికేది. ఆ ఇంట్లో నాకు నచ్చిన మొదటి విషయం అది.

ఆమె కోరిక పెద్దదేమీ కాదు. నన్ను ఆ రన్‌వే మీదికి తీసుకెళ్ళి, ముక్కు తనవైపు తిప్పి, ఆ నలుగురూ చూస్తుండగా గాలిలో నిలబెట్టాలి. కుడి ఏదో ఎడమ ఏదో తనకు తెలుసునని ఒక్కసారి అందరి కళ్ళకూ కనపడాలి. ఎవరితోనూ అనలేదు గానీ, నా మీద దుమ్ము తుడిచేటప్పుడు నా ముక్కును తనవైపుకే తిప్పి పెట్టేది.

ఒక మధ్యాహ్నం ఆయన తొందరగా ఇంటికొచ్చారు. తెర మీద హెలికాప్టరు ముక్కు ఇటు పెట్టి, కదలకుండా నిలబడి ఉంది.

“ఏం చేత్తన్నావే?”

ఆమె ఉలిక్కిపడింది, కానీ హెలికాప్టరు పడలేదు. ఆయన గమనించింది అదే.

“ఎప్పట్నుంచీ?”

“ఊరికేనండీ. పనంతా అయ్యాకే.”

ఆయన చాలాసేపు తెర వంక చూశారు. తర్వాత ఎంతో ఆప్యాయంగా, “అయితే వచ్చే ఆదివారం నువ్వే ఎగరేద్దువుగాని. డాక్టరు గారికీ చెప్తాను. అందరినీ రమ్మంటాను,” అన్నారు. ఆమె నమ్మింది. ఆ వారమంతా ఆమె వంటింట్లో ఏదో కూనిరాగం తీస్తూ తిరిగింది.

శనివారం సాయంత్రం ఆయన గది తలుపు వేసుకుని రిమోటు తెరిచారు. అందులో మీటల దిశను తిరగవేసే అమరిక ఉంటుంది. కొత్తగా బిగించినప్పుడు తప్ప దాని జోలికి ఎవరూ పోరు. ఆయన కుడి ఎడమల దిశను మార్చారు. ఇక ఎడమకు నొక్కితే నేను కుడికి వంగుతాను. ఆయన ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు. దుకాణంలో తూకం సరిచూసుకునే మనిషి ముఖంలా ఉంది. నవ్వి ఉంటే నేను ఆయన్ని ఇంతగా అసహ్యించుకునేదాన్ని కాదు.

ఆదివారం నా ముందు కొబ్బరికాయ కొట్టారు. హైమావతి గారు ఆకుపచ్చ నేతచీర కట్టుకుంది. రిమోటు పట్టీ మెడలో వేసుకుని, నియమం ప్రకారం మీట కదిపి నా పళ్ళెం చూసుకోవడానికి వంగబోయింది.

“వర్జ్యం వచ్చేత్తంది! ఇప్పుడా పరీక్షలేంటి, లేపు!” అన్నారు ఆయన గట్టిగా.

“చూసుకోవాలి కదండీ, ఒక్క క్షణం...”

“ఇంతమందినీ ఎండలో నిలబెట్టి చూసుకుంటావా? చేతకాకపోతే చెప్పు.”

ఆమెకు వర్జ్యం మీద నమ్మకం లేదు. కానీ పదిమందిలో మొగుడికి ఎదురు చెప్పకూడదన్న అలవాటు నమ్మకంకంటే గట్టిది. ఆమె లేపింది. నేను నిటారుగా లేచాను. పక్కగాలి కొద్దిగా కుడికి తోసింది. ఆమె ఎడమకు దిద్దింది. నేను ఇంకా కుడికి వంగాను. ఇంకా దిద్దింది. ఎంత సరిగ్గా దిద్దితే అంత తప్పుగా పోయాను. తెలివి తక్కువవారు పడేసినట్టు కాదు, నేర్చినవారు పడేసినట్టు పడ్డాను: ఏ సందేహమూ లేకుండా, పూర్తి బలంతో. ఒక రెక్క ముక్క ఆమె ముంజేతిని చీల్చింది. చీరకొంగు ఎర్రబడింది.

భగవాన్‌రాజు గారు చేతులు చాచి, “చెప్పానుగా డాక్టరు గారూ, మా ఆవిడకి కుడీ ఎడమా తెలీదని!” అన్నారు. నవ్వు మొదలైంది. రక్తం కారుతున్న చెయ్యి పట్టుకుని ఆమె కూడా నవ్వింది. మనుషుల్లో నేను చూసినవాటిలో అంతకంటే క్రూరమైన దృశ్యం లేదు.

చేతికి కుట్లు పడ్డాయి. నన్ను హాల్లో మేకుకు తగిలించారు. స్కూటరు కథ పాతబడింది గనుక, చుట్టాలకు ఇక నా కథ చెప్పేవారు. ఆమె కాఫీ అందిస్తూ, “అవునండీ, నాకే చేతకాలేదు,” అనేది. కంప్యూటరు మీద గుడ్డ కప్పేసింది. అది నటన కాదు. తప్పు తనదేనని ఆమె నిజంగా నమ్మింది.

వాన పడుతున్న ఒక రోజు, ఏమనిపించిందో, నన్ను కిందికి దించింది. ఆయన విడిభాగాల డబ్బాలోంచి కొత్త రెక్కలు తీసి బిగించింది. రెక్కలు తిరగకుండా మోటారు తీగ ఊడదీసి, ఆనాడు చూడనివ్వని పరీక్ష చేసింది. మీట ఎడమకు కదిపింది. నా పళ్ళెం కుడికి వంగింది. తానే తప్పుగా బిగించానేమోనని అంతా విప్పి మళ్ళీ బిగించింది. మళ్ళీ కుడికే. అప్పుడు రిమోటులో అమరిక తెరిచి చూసి, నేల మీద కూర్చుండిపోయింది.

ఆ వారం డాక్టరు గారు ఇంటికొచ్చారు. ఆమె రిమోటు ఆయన ముందు పెట్టింది.

“అన్నయ్యగారూ, ఈ అమరిక దానంతటది తిరగబడుతుందా?”

డాక్టరు గారి వేలు రిమోటు మీది చిన్న తెర మీద ఆగింది. కిందపడిన దెబ్బకు నా మరలు వదులవుతాయి గానీ, దూరాన ఆమె మెడలో ఉన్న పెట్టెలో అమరిక మారదు. ఆ సంగతి ఆ ఊళ్ళో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆయన. ఆయన భగవాన్‌రాజు గారి వంక చూశారు. భగవాన్‌రాజు గారు జంతిక కొరుకుతున్నారు.

“గట్టిగా పడినప్పుడు ఒక్కోసారి అలా అవుద్దమ్మా,” అన్నారు డాక్టరు గారు.

“అదే నేనూ చెప్పబోతన్నాను,” అన్నారు ఈయన.

ఆమె రిమోటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అమరికను సరిచేసింది.

ఆదివారం భోజనమయ్యాక భగవాన్‌రాజు గారు డాబా మీద రేకుల నీడలో పడక్కుర్చీ వేసుకుని కునుకు తీస్తున్నారు. వెనక పిట్టగోడ. ఆమె నన్ను ఆయన కాళ్ళకు కాస్త దూరంలో దించి, మెట్ల గది ముందుకు వెళ్ళి నిలబడింది. పళ్ళెం అన్నివైపులా కదిపి చూసుకుంది. ఈసారి వర్జ్యం గురించి చెప్పేవారు లేరు.

నేను లేచిన చప్పుడుకు ఆయన కళ్ళు తెరిచేసరికి, నా ముక్కు ఆయన ముక్కుకు మూరెడు దూరంలో ఉంది. పడక్కుర్చీలోంచి లేవాలంటే ముందుకు వంగాలి. ముందు నేనున్నాను.

“హైమా! దింపు! మతిపోయిందా నీకు?”

“అమరిక ఎవరు మార్చారండీ?”

“గాలొత్తే చచ్చిపోతానే!”

“గాలొస్తే దిద్దుతాను. ఇప్పుడు ఎడమంటే ఎడమే కదా. చెప్పండి.”

“పడినప్పుడు... డాక్టరు గారు చెప్పారుగా...”

నేను బెత్తెడు ముందుకు జరిగాను. నా గాలికి ఆయన జుట్టు వెనక్కి అంటుకుపోయింది. కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదుగా చెవుల్లోకి పోయాయి.

“నేనే! నేనే మార్చాను! దింపే, నీకు దండం పెడతాను!”

“ఎందుకు?”

“నాకు రాంది నీకొచ్చేసిందని!”

ఇక దించుతుందనుకున్నాను. దించలేదు. నిజం ఆమెకు ముందే తెలుసు. ప్రాణభయంతో చెప్పిన మాటకు రుజువుగా విలువ ఉండదని, అంత శ్రద్ధగా తప్పులు వెతికిన మనిషికి తెలియకుండా ఉండదు. అయినా నన్ను అక్కడే, మేకు కొట్టినట్టు నిలబెట్టింది. ఆయన వణుకుతున్నారు. నేను వణకలేదు. ఆ బొటనవేళ్ళు అంత నిలకడగా ఎన్నడూ లేవు. నేను జాలిపడ్డ మనిషి ఎక్కడుందా అని ఆమె ముఖంలో వెతికాను. అక్కడ ఆనందం ఉంది. రన్‌వే మీద ఆ నలుగురి ముందు దొరుకుతుందని ఆమె అనుకున్న ఆనందం అదే కావచ్చు. కానీ దీనికి ఒక్క ప్రేక్షకుడు చాలు.

బ్యాటరీ సన్నగిల్లుతుండగా, ఆకు రాలినంత మెత్తగా దించింది.

“కాఫీ తెస్తాను, ఉండండి,” అంది.

ఆ తర్వాత ఆమె నన్ను ఎగరవేయలేదు. రన్‌వే ఊసే ఎత్తలేదు. నేను ఆమె గదిలో బీరువా మీద ఉన్నాను. ఇది మే నెల. తాడేపల్లిగూడెంలో గోడలకు కూడా చెమట పట్టే ఉక్క. భగవాన్‌రాజు గారు తన గదిలో ఫ్యాను వేసుకోరు. నెత్తి మీద రెక్కలు తిరగడం మొదలైతే ఆయన గోడకు అతుక్కుపోతారు. చుట్టాలు అడిగితే ఫ్యాను గాలి ఒంటికి పడటం లేదని చెబుతారు. తడిసిన బనీనుతో, తాటాకు విసనకర్రతో రోజంతా గడుపుతారు.

హైమావతి గారు రోజుకు రెండు మూడుసార్లు ఆ గది గుమ్మం దగ్గర ఆగుతుంది.

“అయ్యో, ఎంత ఉక్కగా ఉందో! ఫ్యాను వెయ్యనాండీ?” అంటుంది.

ఆయన జవాబు చెప్పేలోపే ఆమె వేలు స్విచ్చి మీద ఉంటుంది.