అంబులెన్సు ఇల్లు

మా ఆయన వరహాలరావుకు సాలూరులో లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఉండేది. డెబ్భై ఆరులో వేలంలో ఒక పాత అంబులెన్సు కొన్నాడు. షెడ్డు పనులన్నీ గాలికొదిలేసి, దాంట్లో రెండు మంచాలు, కిరసనాయిలు స్టవ్వు, కిటికీలకు పువ్వుల తెరలు బిగించాడు. చక్రాలున్న ఇల్లట! అందులో ఎంతమంది ప్రాణాలు పోయాయో ఎవరికి తెలుసు? వీధి వీధంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఒక్కసారి కొండలెక్కి వద్దాం రాయే. నీకు నచ్చకపోతే వచ్చిన మర్నాడే అమ్మేత్తాను" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. అయినా నచ్చకూడదని గట్టిగా నిర్ణయించుకునే ఎక్కాను.

శృంగవరపుకోట దాటాక ఘాటురోడ్డులో మలుపు మలుపుకీ గిన్నెలు నా ఒళ్లో పడ్డాయి. "ఇల్లయితే గిన్నెలు ఎగురుతాయేటండీ?" అని అడిగాను. ఆయన గట్టిగా హారను కొట్టాడు. సాయంత్రానికి డుంబ్రిగుడ అవతల, కొండవాలులో ఉన్న ఒక పాత ఊరి మొదట్లో బండి ఆపాడు.

పొద్దున్నే నేను చీర ఆరేసి ఉప్మా కలుపుతుంటే తలుపు దబదబా బాదారు. తీస్తే ఎదురుగా ఊళ్లోని ఆడవాళ్లందరూ! ఒక పెద్దామె తల లోపలికి పెట్టి, గురక పెడుతున్న మా ఆయన్ని చూసింది.

"ఇయ్యాల ఇటుకల పండగ, వేట పండగ! మా మగాళ్లందరూ వేటకెళ్లిపోనారు. నీ మగాడు ఇంట్లో తొంగున్నాడేటి?"

"మేం ఈ ఊరోళ్లం కాదమ్మా. ఇది ఇల్లు కాదు, బండి" అన్నాను.

"పొయ్యుంది, మంచముంది. చీర ఆరేసినావు. ఇల్లు కాకపోతే ఏటి? మా ఊళ్లో ఉన్న ఇల్లే. లేపు బేగి!"

ఇల్లు అనే మాట చెవిన పడగానే మా ఆయన దిగ్గున లేచాడు. బండి కొన్న ఆర్నెల్లలో దాన్ని ఇల్లని ఒప్పుకున్న మొదటి మనిషి ఆవిడ. విల్లు లేదు కాబట్టి జాకీరాడ్డు పట్టుకున్నాడు. లుంగీ ఎగ్గట్టి, వాళ్లు చూపించిన దారిన అడవిలోకి పరుగెత్తాడు. నవ్వాపుకోలేక తలుపు పట్టుకుని నిలబడ్డాను.

ఆ పగలంతా వాళ్లు నన్ను వదల్లేదు. ఎర్రమట్టి అలికిన గోడలు, ఒకే అరుగు పంచుకునే ఇళ్ల వరసలు చూపించారు. ఊరి నడుమ నున్నగా అరిగిన బండలున్నాయి. తాతల తాతలు వాటి మీద కూర్చునే తగవులు తీర్చేవారట. నేనూ కాసేపు కూర్చున్నాను, చల్లగా ఉన్నాయి. నా ఉప్మా వాళ్లు తిని, వాళ్ల చోడి అంబలి నాకు పోశారు. తరవాత నా నడుం చుట్టూ చెయ్యి వేసి వరసలో నిలబెట్టి థింసా ఆడించారు. పెళ్లయ్యాక అంత హాయిగా నేను ఎప్పుడూ లేను.

పొద్దుగూకే వేళకు వేటగాళ్లు దిగారు. కొందరి భుజాన కుందేళ్లు ఉన్నాయి. ఉత్త చేతులతో వచ్చినవాళ్లకు పేడనీళ్లు పోయడం ఆచారం. అందరికంటే వెనక, ఒళ్లంతా గీరుకుపోయి, జాకీరాడ్డుతో మా ఆయన వచ్చాడు. పెద్దామె కుండ నా చేతికిచ్చింది.

"నీ ఇంటోడికి నువ్వే పొయ్యాల."

ఒక్క చుక్క మిగల్చకుండా నెత్తిన కుమ్మరించాను. ఊరంతా ఘొల్లుమంది.

కారుతున్న పేడనీళ్లతోనే ఆయన అంబులెన్సు దాకా నడిచి, మెట్టు మీద కాలుపెట్టి ఆగాడు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. నా వైపు తిరగకుండా మెల్లగా అడిగాడు.

"మరి... అమ్మేయమంటావేటే?"

"ఆ పేడ కాళ్లతో నా ఇంట్లో అడుగెట్టకండి!" అని అరిచాను. "అక్కడే ఉండండి, నీళ్లట్టుకొత్తాను."

ఆయన కాలు వెనక్కి తీసుకుని, ఆ పేడ ముఖంతోనే పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.